వాతావరణము – వ్యవసాయము: కామారెడ్డి, ఎల్లారెడ్డి రైతులకు ఒక పాఠము



2025 ఆగస్టు 27, 28 తేదీలలో కామారెడ్డి జిల్లాలో కురిసిన వానను మీలో ఎవరును మరచియుండరు. రాజంపేట మండలములోని అర్గొండలో ఒక్క రోజు వ్యవధిలో 40 సెంటీమీటర్లకు పైగా వర్షము పడినది. చెరువు కట్టలు తెగినవి. రైలు పట్టాల క్రింది కట్ట కొట్టుకొనిపోయినది. వరి, మక్క, సోయా చేలలో ఇసుక మేటలు వేసినది. 1922లో పూర్తియైన పోచారము ప్రాజెక్టు తన సామర్థ్యమునకు మించిన వరదను తట్టుకొని నిలిచినది. అది తెగియున్నచో నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి పల్లెల గతి ఏమగునోయని జనము ఆ రాత్రి నిద్ర లేక గడిపిరి.

ఆ తరువాత ఎల్లారెడ్డి ప్రక్కన ఒక పల్లెలో నేను రైతులతో మాటలాడుచుండగా ఒక పెద్దమనిషి లేచి ఇట్లడిగెను: "సారూ, ఒక్క రోజుల గింత వాన యాడికెల్లి వచ్చింది? వార్తలల్ల ఎప్పుడు జూసినా 'ఒకటి రెండు చోట్ల' అంటరు. ఆ ఒకటి రెండు చోట్లల్ల నా చెల్క ఉన్నదా లేదా నాకెట్ల ఎరుక?"

"మంచి ప్రశ్న అడిగినవు కాకా, కాని దీనికి ఒక్క మాటలో జవాబు లేదు" అంటిని. నాకు తెలిసిన జవాబును ఆనాడు తొందరలో సగమే చెప్పితిని. పూర్తిగా చెప్పుటకే ఈ పాఠము వ్రాయుచున్నాను.

వాయుమండలము అనగా నేమి?

భూమి చుట్టును గాలి పొర ఒకటి కలదు. దానినే వాయుమండలము అందురు. పొడి గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజని, 21 పాళ్లు ప్రాణవాయువు ఉండును. మిగిలిన ఒక్క పాలులో ఎక్కువ భాగము ఆర్గాన్ అను వాయువు. పైరు తన ఆహారము తయారు చేసికొనుటకు వాడుకొను బొగ్గుపులుసు వాయువు నూటికి 0.04 పాలు మాత్రమే. వీటికి తోడు నీటి ఆవిరి కలదు. ఇది ఎప్పుడును ఒక్క తీరుగ ఉండదు. ఎండాకాలపు వడగాలిలో మిక్కిలి తక్కువ, వానాకాలపు ఉక్కలో నూటికి మూడు నాలుగు పాళ్ల వరకు ఉండును. వాన అంతయు ఈ ఆవిరిలోనిదే.

మన ప్రాంతములో వాయుమండలపు అడుగు పొర సుమారు 16 మొదలు 18 కిలోమీటర్ల ఎత్తు వరకు ఉండును. మేఘము, మెరుపు, వడగండ్లు, గాలివాన – దాదాపు అన్నియు ఈ అడుగు పొరలోనివే. ఇందులో పైకి పోయినకొలది చలి పెరుగును. సగటున కిలోమీటరుకు ఆరున్నర డిగ్రీల వేడిమి తగ్గును. వాన పడుటకు ఈ విషయమే మూలము.

వాన ఎట్లు పడును?

బిందెలో చల్లని నీరు పోసి ఎండాకాలము అరుగు మీద ఉంచినచో బిందె వెలుపల చెమ్మ పట్టును. ఆ నీరు బిందెలోనుండి కారినది కాదు. గాలిలోని ఆవిరి చల్లని లోహమును తాకి నీరైనది. ఆకాశములోను ఇదే జరుగును. వేడెక్కిన తడి గాలి తేలికయై పైకి లేచును. పైన చల్లబడును. చల్లని గాలి ఎక్కువ ఆవిరిని పట్టియుంచలేదు. ఆ మిగులు ఆవిరి గాలిలో తేలు సన్నని ధూళి కణములను అంటుకొని నీటి తుంపరలగును. ఈ తుంపరల గుంపే మేఘము. తుంపరలు కలిసి పెద్దవై, గాలి మోయలేనంత బరువైనప్పుడు వాన పడును.

కనుక వానకు రెండు కావలెను: గాలిలో తడి, ఆ గాలిని పైకి లేపు కారణము. తడి ఉండి లేపునది లేనినాడు ఉక్కపోతయే మిగులును. లేపునది ఉండి తడి లేనినాడు సుడిగాలి, దుమ్ము తప్ప చినుకు రాదు.

ఋతుపవనములు, అల్పపీడనములు

ఎండాకాలములో నేల త్వరగా కాగును, సముద్రము మెల్లగా కాగును. నేలపై గాలి తేలికయగుటచే సముద్రముపైనుండి తడి గాలి లోనికి వచ్చును. ఇదియే నైరుతి ఋతుపవనము. సాధారణముగ జూన్ 1 ప్రాంతమున కేరళను తాకి, జూన్ రెండవ వారములో తెలంగాణకు వచ్చును. అక్టోబరు నడుమకు వెనుకకు మరలును.

అయితే అరేబియా సముద్రముపైనుండి వచ్చు గాలి పడమటి కనుమలను ఎక్కునప్పుడే తన తడిలో చాలా భాగమును అచ్చట కురిపించివేయును. మనము ఆ కొండల చాటున ఉన్నాము. అందువలన మన పెద్ద వానలు ఎక్కువగా బంగాళాఖాతములో పుట్టు అల్పపీడనములపై ఆధారపడియుండును. అల్పపీడనమనగా చుట్టుప్రక్కల కంటె గాలి ఒత్తిడి తక్కువగానున్న తావు. పల్లమునకు నీరు చేరినట్లు అచ్చటికి నలువైపుల గాలి చేరును. భూమి తిరుగుట వలన అది మన అర్ధగోళములో గడియారపు ముల్లునకు ఎదురు దిక్కుగా సుడి తిరుగును. చేరిన గాలి పోవుటకు పైకి తప్ప దారి లేదు. పైకి పోయిన తడి గాలి వానయగును.

2025 ఆగస్టు 27న ఒడిశా తీరమునొద్ద వాయవ్య బంగాళాఖాతములో అల్పపీడనము ఏర్పడినది. అది మనకు వందల కిలోమీటర్ల దూరములో ఉన్నను, తడి గాలి మన మీదుగా ప్రవహించుచు ఒక ఇరుకు ప్రాంతములో కూడుకొన్నప్పుడు ఒక మేఘము కురిసి పోకముందే దాని వెనుక మరియొకటి లేచును. ఒకే తావున గంటలకొలది వాన ఆగదు. ప్రక్క జిల్లాలో సాధారణ వానయే పడవచ్చును. ఆ పెద్దమనిషి ప్రశ్నలోని మొదటి సగమునకు జవాబు ఇదియే: ఆ నీరు మన ఆకాశములో నిలువ ఉన్నది కాదు, సముద్రమునుండి ఎడతెగక వచ్చి చేరినది.

ఒక చిన్న గుర్తు చెప్పెదను. వానాకాలమున గట్టిగా వీచు గాలికి వీపు పెట్టి నిలువుడు. అల్పపీడనము మీ ఎడమచేతి వైపున ఉండును.

వాతావరణము వేరు, శీతోష్ణస్థితి వేరు

ఈ పూట, రేపు, ఈ వారము ఉండు ఎండ, వాన, గాలి – ఇది వాతావరణము. ఒక ప్రాంతములో కనీసము 30 సంవత్సరముల లెక్కలను కలిపి చూచిన తీరు శీతోష్ణస్థితి. డిసెంబరు, జనవరి నెలలలో చలి పెరుగునని తెలిసి యాసంగి వరి నారుమడిపై రాత్రిపూట పట్ట కప్పుటకు సిద్ధముగనుండుట శీతోష్ణస్థితి జ్ఞానము. ఈ రాత్రి ఎంత చలి పడునో తెలిసికొని కప్పుట వాతావరణ జ్ఞానము. ఏ పంట వేయవలెనో మొదటిది చెప్పును. ఏ రోజు వేయవలెనో రెండవది చెప్పును.

మన జిల్లాలో ఏడాదికి సుమారు 1000 మిల్లీమీటర్ల వాన పడునని అందురు. ఇది సగటు మాత్రమే. 2015లో పసిఫిక్ మహాసముద్రపు నడిమి, తూర్పు భాగముల నీరు మామూలుకంటె బాగుగా వేడెక్కినది. దీనిని ఎల్‌నినో అందురు. అట్టి ఏండ్లలో మన ఋతుపవనము తరచుగా బలహీనపడును. ఆ ఏడు తెలంగాణలో కరువు వచ్చి నిజాంసాగర్ అడుగంటినది. పదేండ్లకు అదే నేల వరదలో మునిగినది. సగటును నమ్మి సేద్యము చేయువాడు సగటు లోతు చూచి వాగు దాటువానివంటివాడు.

మరియొక మాట. గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో సుమారు నూటికి 7 పాళ్లు ఎక్కువ ఆవిరిని పట్టగలదు. భూమి వేడిమి పెరుగుచున్నందున కుండపోత వానలు మునుపటికంటె ఎక్కువ నీటిని దింపగలవు. ఏ ఒక్క వానకును ఇదొక్కటే కారణమనుట సరికాదు. కాని రాబోవు ఏండ్లలో కట్టలు, కాలువలు, తూములు పాత లెక్కలతోనే సరిపోవునని తలచుటయు సరికాదు.

కార్తెల సంగతి

మన పెద్దలు కార్తెలనుబట్టి సేద్యము చేసిరి. అందులో అర్థము కలదు. కార్తె సూర్యుని స్థానమునుబట్టి వచ్చును. కనుక ప్రతి ఏడు దాదాపు అదే తేదీలకు వచ్చును. మృగశిర అనగా ఋతుపవనము వచ్చు వేళ. కావున కార్తె శీతోష్ణస్థితిని చెప్పును, వాతావరణమును చెప్పజాలదు. మొన్నటి వరద మఖ కార్తెలో వచ్చినది. మఖ ప్రతి ఏడు వచ్చును, ఆ వరద రాలేదు. పైగా నక్షత్రముల లెక్కకును ఋతువుల లెక్కకును సుమారు 72 ఏండ్లకు ఒక రోజు చొప్పున తేడా వచ్చుచుండును. కార్తెను గౌరవింపుడు; విత్తు మాత్రము నేల తడిని చూచి వేయుడు.

'ఒకటి రెండు చోట్ల' అనగా అర్థమేమి?

ఆ పెద్దమనిషి ప్రశ్నలోని రెండవ సగమునకు వచ్చుచున్నాను. వాతావరణ శాఖవారి మాటలకు లెక్క కలదు. ఆ ప్రాంతములోని వర్షమాపక కేంద్రములలో నూటికి 25 వరకు వాన పడునని తోచినచో 'ఒకటి రెండు చోట్ల' అందురు. 26 మొదలు 50 వరకైనచో 'కొన్ని చోట్ల', 51 మొదలు 75 వరకైనచో 'చాలా చోట్ల', అంతకు మించినచో 'దాదాపు అన్ని చోట్ల' అందురు.

వాన పరిమాణమునకును లెక్క కలదు. 24 గంటలలో 64.5 మిల్లీమీటర్లు మొదలు 115.5 వరకు పడినచో భారీ వర్షము. 115.6 మొదలు 204.4 వరకు అతి భారీ వర్షము. అంతకు మించినది అత్యంత భారీ వర్షము. పసుపు రంగు హెచ్చరిక గమనించుచుండుమని, నారింజ రంగు సిద్ధపడుమని, ఎరుపు రంగు వెంటనే చర్య తీసికొనుమని చెప్పును.

కాబట్టి 'ఒకటి రెండు చోట్ల అతి భారీ వర్షము' అనునప్పుడు మీ చెల్క అందులో ఉన్నదని గాని లేదని గాని ముందురోజు ఎవరును చెప్పజాలరు. ఆ మాట నిజాయితీగా చెప్పుటయే మేలు. మరి ఏమి చేయవలెను? తప్పిపోయిన నష్టమెంత, జాగ్రత్తకు ఖర్చెంత అని బేరీజు వేయవలెను. యూరియా చల్లుట రెండు రోజులు ఆపినందువలన పోవునది స్వల్పము. చల్లిన బస్తా కొట్టుకొనిపోయినచో తిరిగి రాదు. వాగు ఒడ్డున ఉన్న మోటారును, పశువులను మెరకకు చేర్చుట ఒక పూట పని. వాన రాకపోయిన యెడల ఆ పూట శ్రమ పోయినదని చింతింపవలదు.

వానను కొలుచుట

ఒక మిల్లీమీటరు వాన అనగా చదరపు మీటరుకు ఒక లీటరు నీరు. ఎకరమునకు సుమారు 4,000 లీటర్లు. 40 సెంటీమీటర్లు పడిన చేనులో ఎకరమునకు 16 లక్షల లీటర్లు – 5,000 లీటర్ల ట్యాంకర్లు 320 – దిగినవన్నమాట. ఆ నీరు పోవుటకు దారి లేనిచో మక్క, సోయా, పెసర వేళ్లకు గాలి అందక రెండు మూడు రోజులలోనే దెబ్బతినును.

వాన కొలుచుటకు ఖరీదైన పరికరము అక్కరలేదు. అడుగునుండి అంచు వరకు ఒకే వెడల్పు గల డబ్బాను చెట్లకు, ఇంటి చూరుకు దూరముగ, బయట చల్లుళ్లు పడనంత ఎత్తున నిటారుగ అమర్చుడు. రోజును ఉదయము ఎనిమిదిన్నరకు స్కేలుతో లోతు చూచి, వ్రాసికొని, నీరు పారబోయుడు. డబ్బా వెడల్పు ఎంతయైనను లోతు మారదు.

తేలిక నేలలలో 50 మొదలు 60 మిల్లీమీటర్లు, నల్లరేగడిలో 60 మొదలు 75 మిల్లీమీటర్లు వాన పడి నేల బాగుగా తడిసిన పిదపనే మెట్ట పంటలు విత్తవలెను. మొదటి జల్లుకు విత్తి, మొలక ఎండి, రెండవ మారు విత్తనము కొని అప్పుపడిన కుటుంబములు ప్రతి ఊరిలో కలవు.

పిడుగు విషయములో జాగ్రత్త

కోట వలె పైకి లేచి, అడుగు నల్లబడి, తల దాగలి వలె విప్పారిన మేఘము పిడుగుల మేఘము. మెరుపు కనబడిన పిదప ఉరుము వినబడువరకు లెక్కింపుడు. మూడు సెకండ్లకు ఒక కిలోమీటరు. లెక్క 30 లోపుగానున్నచో పని విడిచి పక్కా ఇంటిలోనికి పోవలెను. చెట్టు క్రింద నిలువరాదు. కడపటి ఉరుము వినబడిన అరగంట వరకు బయటికి రారాదు. నాటు వేయు ఆడకూలీలకు ఈ మాట ముందుగ చెప్పవలసిన బాధ్యత చేను యజమానిదే.

గుర్తుంచుకొనవలసినవి

1. కార్తెతో పంట ఎన్నిక, నేల తడితో విత్తు, వాతావరణ సూచనతో ఎరువు, మందు, కోత.
2. భారీ వర్ష సూచన ఉన్నప్పుడు యూరియా చల్లరాదు. మందు పిచికారీ చేయరాదు. కోసిన పంటను కల్లములో విడువరాదు.
3. వానాకాలమునకు ముందే చేనులో మురుగు కాలువలు తీసియుంచవలెను. వాన పడునప్పుడు తీయుట సాధ్యము కాదు.
4. సెల్‌ఫోను ఉన్నవారు మేఘదూత్, దామిని యాప్‌లను చూచుచుండవలెను, లేనివారికి చెప్పవలెను.
5. ఊరి చెరువు కట్టను, అలుగును ఏటేట జూన్‌కు ముందే పరీక్షింపవలెను.

ఊరికి ఒక్కరైనను డబ్బాతో వాన కొలిచి నోటుపుస్తకములో వ్రాయుడు. తేదీ, వాన, గాలి దిక్కు – మూడు గడులు చాలును. పదేండ్లు వ్రాసినచో అది మీ ఊరి చరిత్రయగును. ముప్పది ఏండ్లు వ్రాసినచో మీ ఊరి శీతోష్ణస్థితియగును. 'ఒకటి రెండు చోట్ల' అను మాటలో మీ చెల్క ఎన్నిమార్లు ఉన్నదో అప్పుడు ఆ పుస్తకమే మీకు చెప్పగలదు.