పైకప్పు తట్టినవాళ్లు దగ్గు దాచొద్దు

బొగ్గుబాయిలో పని మొదలయ్యేముందు సర్దార్ కర్రతో పైకప్పు తట్టి వింటాడు. బోలుగా మోగితే కిందికి ఎవరినీ రానివ్వడు. ఆ రోజు బొగ్గు తగ్గినా సరే. అదే మనిషి రేపు హెర్నియా ఆపరేషన్ అనగా ఒళ్లు కాలుతుంటే, గోలీ వేసుకుని ముసుగు తన్నుతాడు. "గింతదానికి దవాఖానకు ఫోన్ చేస్తమా?"

చేయాలి. చేయనివ్వనిది భయం. గోదావరిఖని సింగరేణి ఏరియా ఆసుపత్రిలోనైనా, రిఫర్ చేయించుకుని హైదరాబాద్ వెళ్లినా, డేటు చుట్టూ చాలా అల్లుకుని ఉంటాయి: కొడుకు పెట్టిన లీవు, రైలు టికెట్లు, రక్తమిస్తానన్న బావమరిది. ఇవన్నీ చెదిరిపోతాయని నోరు మూసుకుంటాం. దాచిన జ్వరం మత్తు డాక్టర్ చేతికి దొరికితే ఎలాగూ వాయిదానే. దొరక్కపోతేనే అసలు ముప్పు. జలుబు, కఫం ఉన్నప్పుడు మత్తిస్తే శ్వాసనాళాలు బిగుసుకోవచ్చు. ఏళ్లకొద్దీ బొగ్గు దుమ్ము పీల్చినవాళ్లు ఇంకా జాగ్రత్తపడాలి. "ఎప్పుడూ ఉండే దగ్గే" అని మన కోల్‌బెల్టులో తేలిగ్గా అనేస్తారు. పాత దగ్గే కావచ్చు. కఫం రంగు మారిందా, మెట్లెక్కితే మునుపటికన్నా ఆయాసం వస్తోందా? అది చెప్పండి.

విరేచనాలు, మూత్రంలో మంట, పంటి చీము, కోత పెట్టేచోట పుండు, అదుపు తప్పిన షుగర్, వీటిలో ఏదొచ్చినా ఆ రోజే ఫోన్ చేయండి. ఆర్‌ఎంపీ వేసిన సూది సంగతీ చెప్పండి. రక్తం పలచబరిచే మాత్రలు ఆపాలో వద్దో మీరు తేల్చుకోవద్దు. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలను సాధారణంగా కనీసం 3 రోజుల ముందే ఆపమంటారు. కాబట్టి మందుల సంగతి చివరి రాత్రికి పెట్టుకోవద్దు. ఛాతీలో నొప్పి, ఊపిరాడకపోవడం అయితే మాత్రం అపాయింట్‌మెంట్ మాటే వద్దు, 108కి ఫోన్ చేయండి, లేదా నేరుగా క్యాజువాలిటీకి వెళ్లండి.

ఫోన్‌లో కథ అక్కర్లేదు. పేరు, ఏ ఆపరేషన్, ఏ రోజు, ఏం మారింది, ఎప్పటినుంచి, ఏ మందు వేసుకున్నారు, ఇంతే. మందు పేరు నోరు తిరగకపోతే మాత్రల పట్టీ ముందు పెట్టుకుని అక్షరం అక్షరం చదవండి. "పర్లేదు, రండి" అనొచ్చు. వాయిదా అంటే మాత్రం ఫోన్ పెట్టేయకముందే అడగండి: కొత్త డేటు ఎప్పుడిస్తారు, ఆపిన మాత్రలు మళ్లీ మొదలుపెట్టాలా, చేయించిన రక్తపరీక్షలు అప్పటికి పనికొస్తాయా.