రోగి గుట్టు – కుటుంబ సభ్యుల బాధ్యత

ఇంట్లో ఒకరు ఆసుపత్రిలో చేరగానే బంధువుల ఫోన్లు మొదలవుతాయి. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక, వెంట ఉన్నవారు వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో, ఒక రిపోర్టు పెట్టేస్తారు. ఉద్దేశం మంచిదే. రక్తదాతలు దొరుకుతారు, దూరదేశంలో ఉన్న పిల్లలకు కబురు అందుతుంది, సంఘంలో ప్రార్థన జరుగుతుంది. అయితే జబ్బు సంగతి రోగికి చెందినది. రోగి మాట్లాడలేని స్థితిలో ఉన్నప్పుడు దానిని కాపాడవలసిన బాధ్యత మనది. అది ఎలాగో ఈ పాఠంలో తెలుసుకుందాం.

1. బయటపడితే కలిగే నష్టం

క్షయ మందులతో నయమవుతుంది. మూర్ఛ చాలామందిలో మందులతో అదుపులో ఉంటుంది. అయినా ఈ పేర్లు ఊళ్లో పొక్కితే ఆడపిల్లకు కుదిరిన సంబంధం తప్పిపోవచ్చు, పనిలోకి పిలవడం మానేయవచ్చు, అద్దె ఇల్లు ఖాళీ చేయమనవచ్చు. మానసిక జబ్బు, హెచ్‌ఐవి, గర్భస్రావం, ఆత్మహత్యాయత్నం వంటి విషయాల్లో నష్టం మరీ ఎక్కువ. రోగి కోలుకుని ఇంటికి వెళ్లినా ఆ ఫోటో నలుగురి ఫోన్లలో తిరుగుతూనే ఉంటుంది.

ఒక ఉదాహరణ చూడండి. పెద్దాయనకు క్యాన్సర్ అని తేలింది. ఎలా చెప్పాలో తెలియక పిల్లలు దాచారు. ఇంతలో చిన్నకొడుకు కుటుంబ గ్రూపులో రిపోర్టు పెట్టాడు. సాయంత్రానికి "ధైర్యంగా ఉండండి బాబాయ్, క్యాన్సర్‌కి ఇప్పుడు మంచి మందులున్నాయి" అని పెద్దాయన ఫోన్‌కే మెసేజీ వచ్చింది. డాక్టరుగారు పక్కన కూర్చుని నిదానంగా చెప్పవలసిన మాట ఆయనకు అలా తెలిస్తే ఎంత బాధ! అందుకే ముందు రోగికి తెలియాలి, తరువాతే ఇతరులకు.

మోసగాళ్ల భయం కూడా ఉంది. రిపోర్టు మీద పేరు, వయసు, ఆసుపత్రి నంబరు ఉంటాయి. వాటిని చూసి "ఆసుపత్రి నుండి మాట్లాడుతున్నాం, ఓటీపీ చెప్పండి" అని ఎవరైనా అడగవచ్చు. ఓటీపీ ఎవరికీ చెప్పకండి. డబ్బు పోతే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోన్ చేయండి.

2. చట్టం ఏమంటుంది?

గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగి ఫోటోను, చికిత్స వివరాలను ఆ రోగి సమ్మతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదు. 2018 సెప్టెంబరులో అమలులోకి వచ్చిన హెచ్‌ఐవి, ఎయిడ్స్ చట్టం ప్రకారం, చట్టం అనుమతించిన సందర్భాల్లో తప్ప, ఆ వ్యక్తి సమ్మతి లేనిదే హెచ్‌ఐవి సంగతి వెల్లడించకూడదు.

3. పంపే ముందు పాటించవలసినవి

• రోగిని అడగండి. "ఎవరెవరికి చెప్పమంటారు? ఎంతవరకు చెప్పమంటారు?" అన్న రెండు ప్రశ్నలు చాలు.
• కబుర్లు చెప్పే పని ఇంట్లో ఒక్కరికే అప్పగించండి.
• ప్రార్థన కోరేటప్పుడు జబ్బు పేరు అవసరం లేదు. "మా ఇంట్లో ఒకరు ఆసుపత్రిలో ఉన్నారు, ప్రార్థించండి" అంటే సరిపోతుంది.
• రక్తం కావాలంటే గ్రూపు, ఎన్ని యూనిట్లు, ఆసుపత్రి పేరు, వెంట ఉన్నవారి నంబరు, తేదీ రాయండి. దొరికిన వెంటనే "రక్తం దొరికింది, ఇక పంపవద్దు" అని తెలపండి. తేదీ లేని మెసేజీ నెలల తరబడి తిరుగుతుంది.
• గొట్టాలతో, కట్లతో ఉన్న రోగిని ఫోటో తీయకండి. వార్డులో తీస్తే పక్క మంచంలోని రోగి కూడా అందులో పడతారు.
• రిపోర్టును చూడవలసిన డాక్టరుకే విడిగా పంపండి, గ్రూపులో పెట్టకండి.

4. ఫోన్‌లో చేసుకోవలసిన మార్పులు

వాట్సాప్ సెట్టింగ్స్‌లో "ప్రైవసీ" తెరవండి. "గ్రూప్స్" దగ్గర "మై కాంటాక్ట్స్" ఎంచుకుంటే ముక్కూమొహం తెలియనివారు మిమ్మల్ని గ్రూపులో చేర్చలేరు. స్టేటస్ కొద్దిమందికే కనబడేలా పెట్టుకోవచ్చు. ఫేస్‌బుక్‌లో "పబ్లిక్" బదులు "ఫ్రెండ్స్" అని మార్చండి.

2016 నుండి వాట్సాప్ మెసేజీలను మధ్యలో ఎవరూ చదవలేని ఏర్పాటు ఉంది. కానీ అందుకున్నవారు ఇంకొకరికి పంపితే ఆ ఏర్పాటు ఆపలేదు. పొరపాటున పంపినదాన్ని సుమారు రెండు రోజుల లోపు "డిలీట్ ఫర్ ఎవ్రీవన్" ద్వారా తీసివేయవచ్చు. అప్పటికే ఫోటో దాచుకున్నవారి దగ్గర అది ఉండిపోతుంది.

5. పూర్తిగా మానేయాలా?

రాత్రంతా ఫోన్ మోగి రోగికి నిద్ర పట్టకపోతే, ఆకు పసరు సలహాలతో చికిత్స మానాలనిపిస్తే, జవాబివ్వలేదని బంధువులు నిష్ఠూరమాడితే తప్పుకోవడం గురించి ఆలోచించవలసిందే. అయితే కంగారులో ఉన్నప్పుడు నిర్ణయం తీసుకోకండి. ముందు గ్రూపును "మ్యూట్" చేయండి. డిశ్చార్జి అయి కుదుటపడ్డాక ఇంట్లో మాట్లాడుకోండి.

గ్రూపు నుండి వెళ్లిపోతే 2022 నుండి అడ్మిన్లకు మాత్రమే కబురు వెళుతుంది. అయినా వెళ్లినవారి పేర్లు 60 రోజుల వరకు సభ్యులు చూడగలరు. కాబట్టి ఒక పెద్దవారికి ఫోన్ చేసి చెప్పి తప్పుకుంటే మనస్పర్థలు రావు.

ఫేస్‌బుక్‌లో రెండు దారులున్నాయి. "డీయాక్టివేట్" చేస్తే ఖాతా తాత్కాలికంగా మరుగవుతుంది, మళ్లీ తెరుచుకోవచ్చు. "డిలీట్" చేస్తే మనసు మార్చుకోవడానికి 30 రోజుల గడువు ఉంటుంది, ఆ తరువాత తిరిగి రాదు. కావలసిన ఫోటోలు ముందే దించుకోండి.

రోగి ఖాతా విషయంలో నిర్ణయం రోగిదే. మంచానికే పరిమితమైన యువకుడికి స్నేహితుల మాటలే బలం కావచ్చు. మన భయంతో అతని ఫోన్ లాక్కోకూడదు.

ఇంటిల్లిపాదీ చర్చించుకోండి

1. మన ఇంటి రోగి గురించి ఇప్పటికే ఏమేమి పంపాం? తీసివేయగలిగినవి ఏవి?
2. మనమే ఆ మంచం మీద ఉంటే ఏ ఫోటో బయటికి రాకూడదనుకుంటాం?
3. సామెతల గ్రంథము 11:13 చదవండి. అందులోని నమ్మకమైన మనిషిలా ఈ వారం మనం ఏ సంగతిని కాపాడాలి?