పాటలకు ర్యాంకులిచ్చే పిల్లలు

ఖమ్మంలో ఫలితాలొస్తే చాలు, వీధి వీధికీ ర్యాంకుల ఫ్లెక్సీలు లేస్తాయి. తమ పేరు పక్కన కూడా ఎప్పుడో ఒకప్పుడు ఓ అంకె పడుతుందని ఇక్కడి పిల్లలకు చిన్నప్పుడే తెలిసిపోతుంది. అలాంటిది మీ అమ్మాయి లెక్కల నోటుబుక్కు చివరి పేజీలో ఈ వారం తనకు నచ్చిన పది పాటలు వరుసగా రాసి, పోయిన వారం మూడోది ఇప్పుడు ఒకటికెక్కిందని బాణం గుర్తు వేసుకుంటోందనుకోండి. చదువు పాడవుతోందని కంగారు పడకండి. రోజంతా తనకు ఎవరో ఒకరు మార్కులు వేస్తూనే ఉంటారు. ఆ ఒక్క పేజీలో మార్కులు వేసేది తను.

ఇది ఈ కాలం పిచ్చేమీ కాదు. రేడియో సిలోన్‌లో 1952 డిసెంబరులో మొదలైన బినాకా గీత్‌మాలా గురించి ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి చూడండి. బుధవారం రాత్రి వ్యాఖ్యాత అమీన్ సయానీ హిందీ పాటలను ఒక్కో మెట్టూ ఎక్కిస్తూ దించుతూ ఉంటే దేశమంతా చెవులప్పగించింది. అమెరికాలో బిల్‌బోర్డ్ హాట్ 100 వచ్చింది ఆ తర్వాతే, 1958లో. ఇవన్నీ నలుగురి ఇష్టాన్ని లెక్కగట్టే జాబితాలు. మీ అమ్మాయిది ఒక్క మనిషి లెక్క. కాబట్టి అందులో తప్పులుండవు, దిద్దబోకండి.

అడక్కుండా ఆ పేజీ తెరవొద్దు. తనే చూపిస్తే మాత్రం, "ఇదెందుకు కిందికి దిగింది?" అని అడగండి. పల్లవి బాగుంది కానీ రెండో చరణం సాగదీశారనో, సినిమా చూశాక మోజు తగ్గిందనో చెబుతుంది. నచ్చిందీ నచ్చనిదీ కారణంతో చెప్పడం పదిమార్కుల ప్రశ్నకు జవాబు బట్టీపట్టడం కంటే కష్టమైన పని. మధ్యలో "మా ఘంటసాల ముందు ఇవేం పాటలు" అని మాత్రం అనకండి. మనమంతా ఆ మాట పడి పెరిగినవాళ్ళమే.

ఒకటో స్థానంలో బూతు పాట కనిపిస్తే? పేజీ చింపేయడం తేలిక. దానికంటే ఆ మాటలకు అర్థం తెలుసా అని నెమ్మదిగా అడగండి. చాలాసార్లు పిల్లలకు ఎక్కేది దరువే. తెలిసే పెట్టిందంటే, మీకెందుకు నచ్చలేదో ఒక్కసారి చెప్పి వదిలేయండి. దిగులు పాట వారాల తరబడి పైనే ఉంటే పాట గురించి కాదు, తన గురించి మాట్లాడాల్సి రావచ్చు.

ఫోను విషయంలో కాస్త గట్టిగా ఉండండి. ఒక పాట అవగానే ఇంకోటి అదే వేస్తుంది, కోట్ల వ్యూస్ చూపించి ఊరిస్తుంది. అందుకే జాబితా రాసేటప్పుడు ఫోను పక్కన పెట్టమనండి. వారమంతా నోట్లో నానిన పాట ఏదో గుర్తు తెచ్చుకుని రాస్తేనే అది తన జాబితా. భద్రాచలం ఐటీడీఏ గిరిజన ఆశ్రమ పాఠశాలల్లో చదివే పిల్లలకు ఇది చెప్పక్కర్లేదు. చేతిలో ఫోను లేనివాళ్ళకు బస్సులో విన్నదీ పెళ్ళిలో డీజే వేసిందీ తలలోనే ఉంటుంది.

ఆ పిల్లల అమ్మానాన్నలతో ఇంకో మాట. సెలవులకు ఇంటికొచ్చిన పాప జాబితాలో సినిమా పాటలే ఉండి, మీ కోయ పాట ఒక్కటీ లేకపోతే నొచ్చుకోకండి. అదీ పాటల లెక్కలోకి వస్తుందని తనకు ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య డోలు కొడుతూ సమ్మక్క సారలమ్మల కథనూ కోయ వీరుల చరిత్రనూ పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశారు. ఆ కథలు ఏ వారం జాబితాకూ ఎక్కకుండానే నోటి నుంచి నోటికి ఇంతదాకా వచ్చాయి. అలాగని "ఇది రాసుకో" అని పిల్లకు హుకుం వేస్తే పాఠమైపోతుంది. వంట దగ్గరో చేను దగ్గరో మీరే ఓ రేల పాట ఎత్తుకోండి. జాబితాకు ఎక్కుతుందో లేదో తేల్చేది ఆమే.

ఒకే పాట పైనుంచి దిగనంటే గీత్‌మాలా వాళ్ళ పద్ధతి చెప్పండి. చాలా వారాలు నిలిచిన పాటను సర్తాజ్ గీత్ అని గౌరవించి, పోటీలోంచి తప్పించేవారు. ఎప్పుడో ఒక వారం రాయడం మానేస్తుంది, ఎందుకని నిలదీయకండి. వేసవిలో పాత పుస్తకాలు తూకానికి వేసే ముందు మాత్రం ఆ నోటుబుక్కు ఉంచాలా అని తననే అడగండి.