స్పీకర్ వైర్ ఎంత మందం ఉండాలి? యాంప్ మార్చే ముందు ఈ లెక్క చూసుకోండి

మేడ్చల్‌లో మా ఇంట్లో యాంప్లిఫయర్ హాల్లో ఉంటుంది, స్పీకర్ డాబా మీద. మధ్యలో 12 మీటర్ల వైర్. బేస్ బిగువుగా రావట్లేదని పెద్ద యాంప్ కొనబోయాను. లెక్క వేస్తే దొరికిన దొంగ 0.75 స్క్వేర్ ఎంఎం వైర్!

కరెంట్ వెళ్లి తిరిగి రావాలి కాబట్టి పొడవును రెండుతో గుణించాలి. రాగి వైర్‌కి ఫార్ములా ఇదీ:

రెసిస్టెన్స్ (ఓమ్స్) = 0.0172 × 2 × పొడవు (మీటర్లు) ÷ మందం (స్క్వేర్ ఎంఎం)

మా వైర్‌కి 0.55 ఓమ్ వచ్చింది. స్పీకర్ 4 ఓమ్స్. అంటే 100 వాట్లు అందాల్సిన చోట 77 వాట్లే అందుతున్నాయి. నిజానికి సౌండ్ తగ్గేది 1 డెసిబెల్ చిల్లరే. కానీ కోన్ మీద యాంప్‌కి పట్టు తగ్గి బేస్ కొంచెం సాగుతుంది. 2.5 స్క్వేర్ ఎంఎం వేస్తే 0.165 ఓమ్, 92 వాట్లు. అదే వేశాను, యాంప్ ఖర్చు తప్పింది.

గుర్తుపెట్టుకోండి: వైర్ రెసిస్టెన్స్ స్పీకర్ ఓమ్స్‌లో 5 శాతం దాటకూడదు.

శామీర్‌పేట్ ఫామ్‌హౌస్ లాన్‌లో 30 మీటర్లు లాగాలా? 8 ఓమ్స్ స్పీకర్‌కి 2.5తో 0.41 ఓమ్ వస్తుంది, అంటే లిమిట్ దాటినట్టే. 4 స్క్వేర్ ఎంఎం తీసుకోండి, లేదా యాంప్‌నే స్పీకర్ దగ్గరికి జరపండి.

చివరిగా, చవగ్గా దొరికే సీసీఏ వైర్‌లో లోపలంతా అల్యూమినియమే, పైన రాగి పూత. రెసిస్టెన్స్ దాదాపు ఒకటిన్నర రెట్లు. కొనే ముందు తీగను బ్లేడుతో గీకి చూడండి, లోపల తెల్లగా కనిపిస్తే వదిలేయండి.