డిచ్‌పల్లి, పరిసరాలు: చూడదగ్గ చారిత్రక స్థలాలు

పోటీ పరీక్షల ప్రత్యేకం: తెలంగాణ చరిత్ర, సంస్కృతి

• డిచ్‌పల్లి రామాలయం: గుట్టపై ఉన్న ఈ గుడి కాకతీయుల కాలం నాటిది. శృంగార శిల్పాల వల్ల ‘ఇందూరు ఖజురహో’గా పేరొందింది. ఇందూరు అంటే నిజామాబాద్ పాత పేరు.

• విక్టోరియా ఆస్పత్రి: కుష్ఠు రోగుల కోసం 1915లో మొదలైంది. స్థాపకురాలు స్కాట్లాండ్ వైద్యురాలు ఇసాబెల్ కెర్. 1923లో ఆమెకు కైసర్-ఇ-హింద్ పతకం లభించింది.

• తెలంగాణ విశ్వవిద్యాలయం: స్థాపన 2006.

• నిజామాబాద్ ఖిల్లా: నిజాం పాలనలో జైలు. కవి దాశరథి కృష్ణమాచార్య ఇక్కడ ఖైదీగా ఉన్నారు.

• బోధన్: అశ్మక రాజధానిగా చెబుతారు. 16 మహాజనపదాల్లో దక్షిణాదిది అశ్మక ఒక్కటే.

గమనిక: నిజామాబాద్ ఖిల్లాలోనూ రామాలయం ఉంది. ‘ఇందూరు ఖజురహో’ ఎక్కడ అని అడిగితే జవాబు డిచ్‌పల్లి.