ఛర్ది: ఇంటి వైద్యము ఎంతవరకు?

నోటిని కప్పుచు దేహమును పీడించునది గనుక వాంతికి ‘ఛర్ది’ యని పేరు. దీనికి ముందు డోకు వచ్చుట, త్రేనుపు అడ్డగింపబడుట, నోట ఉప్పని పలుచని నీరూరుట, అన్నపానములపై ద్వేషము కలుగును. ఈ వికారమునే శాస్త్రము హృల్లాసమనును. ప్రకోపించిన దోషములను ఉదానవాయువు పైకి త్రోయుటచే ఛర్ది కలుగును. వాతజ, పిత్తజ, కఫజ, సన్నిపాతజములు నాలుగు. అసహ్యమైన చూపు, వాసన, పడని ఆహారము, గర్భము, క్రిములు మొదలగు కారణములచే వచ్చునది ఐదవది.

వాంతి ఆగుట వేరు, వ్యాధి తగ్గుట వేరు. ఈ భేదము నెరుగక వాంతిని మాత్రమే అణచుట ప్రమాదకరము.

ఇంటి చికిత్స

అజీర్ణము, పడని భోజనము, ప్రయాణము వలన కలిగిన సామాన్య ఛర్దికి ఇంటి చికిత్స చాలును. వాతజము తప్ప తక్కిన వానికి మొదట లంఘనమును చరకుడు విధించెను. లంఘనమనగా ఘనాహారము మానుట. నీరు మానుట కాదు.

కఫజములో చిక్కని, తీయని జిగురు పడును, నోరు తియ్యగా నుండును. దీనికి అరచెంచా అల్లపురసము తేనెతో నాకించవలెను. పిత్తజములో మంట, దప్పిక, పచ్చని చేదునీరు కనబడును. దీనికి అల్లము తగదు. ధనియాలు నానిన నీరు, ఎండుద్రాక్ష నానిన నీరు హితము. అందరికిని అల్లమే ఇచ్చుట లోకములో పరిపాటియైనది గాని అది శాస్త్రసమ్మతము కాదు. ఏడాది నిండని శిశువులకు తేనె ఈయరాదు.

పిడికెడు వరిపేలాలను అరలీటరు నీట మరిగించి, వడగట్టి, చిటికెడు ఉప్పు చేర్చి చల్లార్చి, కొద్దికొద్దిగా త్రాగించిన వికారము శమించును.

నీరు నిలుపుటయే ప్రాణరక్షణ

ఛర్దిలో ప్రాణము తీయునది తరచుగా నీటి నష్టమే. విరేచనములు కూడ ఉన్నచో పేలాల నీరు చాలదు; ఓ.ఆర్.ఎస్. పొట్లమును దానిపై వ్రాసిన కొలత ప్రకారము కాచి చల్లార్చిన నీట కలుపవలెను. పొట్లము దొరకనిచో లీటరు నీటికి ఆరు సమచెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు. ఉప్పు హెచ్చుట అపాయకరము. వాంతియైన పిదప పదినిమిషములు ఆగి, రెండు మూడు నిమిషములకొక చెంచా చొప్పున పట్టవలెను. గ్లాసెడు ఒకేసారి త్రాగించిన మరల బయటికి వచ్చును.

ఆసుపత్రిలో చేయునది

అత్యవసర విభాగమున నేడు ఎక్కువగా వాడు ఔషధము ఒండాన్సెట్రాన్. ఇది సెరటోనిన్ అను పదార్థపు సంకేతములను ప్రేగులలోను మెదడులోను అడ్డగించి వాంతిని ఆపును. విరేచనములతో వాంతులగు బిడ్డలకు బరువును బట్టి ఒక మోతాదు ఇచ్చి, పిదప ఓ.ఆర్.ఎస్. పట్టినచో పలువురికి సెలైను అక్కరలేకపోవును. హృదయగతిలో దోషమున్నవారికి ఇది జాగ్రత్తగా ఈయవలసిన మందు. మెటోక్లోప్రమైడ్ వలన కొందరు పిల్లలకు, యువకులకు మెడ ఒకవైపు తిరుగుట, కనుగ్రుడ్లు పైకి పోవుట కలుగును. కావున వీనిని దుకాణమున అడిగి తెచ్చుకొనరాదు.

స్పిరిటు దూది వాసన చూపినను పెద్దలలో వికారము తగ్గునని అత్యవసర వైద్యులు పరీక్షించి కనుగొనిరి. మనసునకు నచ్చిన సువాసనలను చరకుడు ఛర్దిచికిత్సలో చెప్పియుండుట ఇచట గమనింపదగినది.

ఆలస్యము చేయరాని లక్షణములు

1. వాంతిలో రక్తము, కాఫీ పొడివంటి పదార్థము లేక ముదురాకుపచ్చని పైత్యము.
2. మలపు వాసనగల వాంతి, కడుపు ఉబ్బి మలము, అపానవాయువు నిలిచిపోవుట. దీనిని పూర్వులు అసాధ్యమనిరి. నేడు ప్రేగు అడ్డుపడినట్లు గుర్తించి శస్త్రచికిత్సచే రక్షింపగలుగుచున్నారు.
3. తలకు దెబ్బ తగిలిన పిదప వాంతులు. తీవ్ర శిరోవేదన, మెడ బిగిసిపోవుట, మగత.
4. ఛాతీనొప్పి, చెమటలు, ఆయాసముతో వాంతి. ఇది గుండెపోటు కావచ్చును. గ్యాసని సోడా త్రాగించి కాలము పోగొట్టరాదు.
5. మధుమేహికి ఆగని వాంతులు, కడుపునొప్పి, ఆయాసము.
6. ఆరేడు గంటలుగా మూత్రము రాకుండుట, కన్నులు లోతుకు పోవుట, శిశువు పాలు త్రాగలేకుండుట.
7. గర్భిణికి నీరు సైతము నిలువకుండుట.

విషము త్రాగినపుడు

పురుగుమందు, కిరోసిన్, ఆమ్లము త్రాగినవారికి ఉప్పునీరో చింతపండు పులుసో పట్టి వాంతి చేయించుట మన పల్లెలలో నేటికిని కలదు. ఇది ఘోరమైన పొరపాటు. కిరోసిన్ ఊపిరితిత్తులలోనికి పోవును. ఆమ్లము గొంతును రెండవమారు కాల్చును. స్పృహ తప్పినవానికి వాంతి ఊపిరిని మూయును. వమనము వైద్యుడు రోగిబలమును చూచి, సిద్ధపరచి చేయు పంచకర్మ; విషమునకు తొందరలో చేయునది కాదు. రోగిని ప్రక్కకు తిప్పి పరుండబెట్టి, 108 కు ఫోను చేసి, మందు డబ్బాను వెంట తీసుకొనిపోవలెను. పలురకముల పురుగుమందులకు అట్రోపిన్ అను విరుగుడు ఆసుపత్రిలో కలదు, ఇంట లేదు.

సామాన్య ఛర్దికి వంటిల్లే ఔషధశాల. పై లక్షణములలో ఒక్కటి కనబడినను ఆసుపత్రికి పంపుటయే వైద్యుని ధర్మము, ఇంటిపెద్దల ధర్మము.