ఫోన్‌లో ముందు వరుస ఎవరిది?



ఆదివారం ఇంటిల్లిపాదీ మదనపల్లె నుంచి హార్స్లీ హిల్స్‌కు బయల్దేరారనుకోండి. "దారి చూడు నాన్నా" అని ఫోన్ చేతికిస్తే మీ అబ్బాయి క్షణంలో మ్యాప్ తెరుస్తాడు. కొండ మీద వాన పడుతోందేమో వెతుకుతాడు. తీసిన ఫొటోలు వాటంతటవే ఒకచోట చేరతాయి. ఈ మూడు పనులూ చేసే యాప్‌లలో మీరు కోరి ఎంచుకున్నది ఏది? చాలా ఇళ్లలో ఒక్కటీ ఉండదు. ఫోన్ కొన్న రోజే అవి అందులో ఉన్నాయి. అవి అక్కడికి ఎలా వచ్చాయన్నదే ఈ నెల పాఠం.

మండీ యజమానే టమోటా పండిస్తే

మదనపల్లె టమోటా మార్కెట్ మనందరికీ తెలుసు. రైతు సరుకు తెస్తాడు, మండీలో వేలం జరుగుతుంది, మండీకి కమీషన్ ముడుతుంది. ఆ మండీ యజమానికే సొంత తోట ఉండి, తన బాక్సులు ముందు పెట్టుకుని మిగతావారివి వెనక్కి నెట్టాడనుకోండి. ఆయన కాయ నిజంగా మంచిదే కావచ్చు. కానీ పోటీ సమంగా జరగలేదు.

ఫోన్‌లోనూ అంతే. ఆండ్రాయిడ్ గూగుల్‌ది, ఐఫోన్ యాపిల్‌ది. యాప్ స్టోర్ నడిపేదీ వాళ్లే, అందులో తమ మ్యాప్, తమ బ్రౌజర్ పెట్టేదీ వాళ్లే. ఆ యాప్‌లు ఉచితం కదా అనిపిస్తుంది. మనం వెతికే ప్రతిసారీ ప్రకటనలు చూపే అవకాశం దొరుకుతుంది. ఆదాయం అక్కడి నుంచే వస్తుంది.

మన దేశంలో ఏం జరిగింది?

2022 అక్టోబర్ 20న కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా గూగుల్‌కు రూ.1,337.76 కోట్ల జరిమానా విధించింది. ప్లే స్టోర్ కావాలనుకున్న ఫోన్ కంపెనీలు గూగుల్ యాప్‌లన్నిటినీ మూటగా పెట్టుకోవలసి రావడం అందులో ప్రధాన ఆక్షేపణ. 2023 జనవరిలో గూగుల్ కొన్ని మార్పులు ప్రకటించింది. యాప్‌లను విడివిడిగా తీసుకునే వీలు ఫోన్ కంపెనీలకు, కొత్త ఫోన్‌లో సెర్చ్ ఇంజిన్‌ను ఎంచుకునే వీలు వినియోగదారులకు కల్పిస్తామన్నది. అదే ఏడాది మార్చి 29న అప్పీలు ట్రిబ్యునల్ జరిమానాను సమర్థించి, కమిషన్ ఆదేశాల్లో కొన్నిటిని పక్కనపెట్టింది.

ఒక హైదరాబాద్ విద్యార్థి సాక్ష్యం

హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌లో చదివిన సత్య నాదెళ్ల 2014లో మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యారు. ఫోన్ల పోటీలో ఆ సంస్థ ఓడిపోయింది. నోకియా ఫోన్ల వ్యాపారం కొన్నందుకు 2015లో 760 కోట్ల డాలర్లు నష్టంగా రాసుకుంది. దాంతో వర్డ్, ఎక్సెల్, అవుట్‌లుక్ వంటి యాప్‌లను ప్రత్యర్థుల ఫోన్లలోనే జనానికి చేరువ చేసింది.

2023 అక్టోబర్‌లో ఆయన అమెరికా కోర్టులో గూగుల్ కేసులో సాక్ష్యం చెప్పారు. జనానికి ఎంపిక ఉందన్న మాట పేరుకేనని, ముందే పెట్టి ఉన్నదాన్నే వాడుతూ పోతారని ఆయన వాదన. తమ సెర్చ్ బాగుంది కాబట్టే జనం వాడుతున్నారని గూగుల్ వాదించింది. 2024 ఆగస్టు 5న కోర్టు గూగుల్‌కు వ్యతిరేకంగా తీర్పునిచ్చింది. ఫోన్లలో, బ్రౌజర్లలో తన సెర్చ్ ముందుండేందుకు గూగుల్ 2021లో 2,630 కోట్ల డాలర్లు చెల్లించినట్లు ఆ తీర్పులో ఉంది.

ఇంకో సంగతి కూడా పిల్లలకు చెప్పండి. విండోస్ కంప్యూటర్‌లో తన ఎడ్జ్ బ్రౌజర్‌ను ముందు పెట్టేది ఇదే మైక్రోసాఫ్ట్. వేదిక ఎవరిదైతే ముందు వరుస వాళ్లదే.

ఇంట్లో అరగంట పాఠం (6 నుంచి 9 తరగతులకు)

1. ఫోన్‌లోని యాప్‌లను మూడు వరుసల్లో రాయించండి: ఫోన్ కంపెనీ పెట్టినవి, గూగుల్ లేదా యాపిల్ పెట్టినవి, మనం వేసుకున్నవి. ఏ వరుస పొడవుగా ఉందో చూడమనండి.

2. సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ యాప్స్ తెరిచి, బ్రౌజర్ మార్చి వారం రోజులు వాడండి. నచ్చకపోతే పాతదానికే వెళ్లవచ్చు. అప్పుడది మీరు ఎంచుకున్నదవుతుంది.

3. యాప్ స్టోర్‌లో ఏదైనా వెతికి, పైన వచ్చినవాటిలో ప్రకటన ఏదో గుర్తించమనండి. ప్రకటన అని తెలిపే గుర్తు చిన్న అక్షరాల్లో ఉంటుంది.

4. వాడని యాప్ తీసేయండి. తీయడం కుదరకపోతే డిసేబుల్ చేయవచ్చేమో చూడండి.

5. స్కూల్ ప్రాజెక్టుకు ఒకే ప్రశ్నను రెండు సెర్చ్ ఇంజిన్లలో అడిగించండి. తేడాలు నోట్‌బుక్‌లో రాయించండి.

పిల్లలకు ఫోన్ వాడటం మనం నేర్పక్కర్లేదు, వాళ్లే మనకు నేర్పుతారు. కానీ ముందు కనిపించిందే మంచిదని, మొదట వచ్చిందే సరైన జవాబని నమ్మే అలవాటు చిన్నప్పుడే పడితే చదువులోనూ, రేపు డబ్బు వ్యవహారాల్లోనూ అదే కొనసాగుతుంది. "దీన్ని ఇక్కడ ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు?" అని అడగడం మీరే నేర్పండి. మీ పిల్లలు రాసిన మూడు వరుసల జాబితాను వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు తీసుకురండి. క్లాస్ టీచర్‌తో కలిసి మాట్లాడుకుందాం.